స్టీరింగ్ చెప్పే మాట
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"మీ వృత్తిలోంచి అందరికీ పనికొచ్చే మాట ఒకటి చెప్పండి" అని కార్యదర్శి గారు అడిగారు. కార్ల సస్పెన్షన్, స్టీరింగ్ పని చేసేవాణ్ణి కాబట్టి స్టీరింగ్ గురించే చెబుతాను. అసలైన స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లు మనలో ఒకరిద్దరుంటారేమో. కానీ తమ కారు స్పోర్ట్స్ కారులా తిరగాలని డబ్బు పోసి మార్పులు చేయించే కుర్రవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. ఆ కార్లు తిరుమల ఘాట్ దిగుతాయి, భాకరాపేట ఘాట్, మొగిలి ఘాట్ దాటుతాయి. అందుకే ఇది సరదా విషయం మాత్రమే కాదు.

"ఈ కారు స్టీరింగ్ బ్రహ్మాండం" అన్నప్పుడు మనం రెండు వేర్వేరు గుణాలను కలిపేస్తాం. ఒకటి చురుకు: చెయ్యి తిప్పగానే కారు ఎంత త్వరగా తిరుగుతుంది అన్నది. రెండోది స్పర్శ: టైరు కింద ఏం జరుగుతోందో చేతికి ఎంత తెలుస్తుంది అన్నది. మొదటిది మనం కారుకు చెప్పే మాట, రెండోది కారు మనకు చెప్పే మాట.

చురుకును అంకెల్లో చెప్పొచ్చు. స్టీరింగ్ నిష్పత్తి 16 అంటే, చేతిలోని చక్రం 16 డిగ్రీలు తిప్పితే రోడ్డు మీది చక్రం సుమారు ఒక డిగ్రీ తిరుగుతుంది. మామూలు కార్లలో ఇది 15 నుంచి 18 దాకా ఉంటుంది. స్పోర్ట్స్ కార్లలో చాలావాటికి ఇంకా తక్కువ.

స్పర్శ సంగతి అర్థం కావాలంటే సైకిల్ గుర్తు చేసుకోండి. వేగంగా పోతున్న సైకిల్ హ్యాండిల్ వదిలేసినా చాలావరకు తిన్నగానే పోతుంది. ముందు ఫోర్కు వాలుగా ఉండటం దానికి ఒక కారణం. కారు ముందు చక్రాలకూ అలాంటి వాలు ఉంటుంది, దాన్ని క్యాస్టర్ అంటాం. దానికి తోడు, మలుపులో టైరు రోడ్డును పట్టుకునే బలం టైరు అచ్చుకు సరిగ్గా మధ్యలో కాక కొంచెం వెనక పనిచేస్తుంది. ఈ రెండూ కలిసి చక్రాన్ని తిన్నగా తేవాలని చూస్తాయి. మలుపులో చేతికి తగిలే బరువు అదే.

అసలు కీలకం ఇక్కడుంది. టైరు తన పట్టు చివరికి చేరుతున్నప్పుడు, వెనక పనిచేసే ఆ బలం మధ్యకు జరిగిపోతుంది. దాంతో పట్టు పూర్తిగా పోకముందే స్టీరింగ్ కొంచెం తేలికవుతుంది. ఆ తేలికదనమే హెచ్చరిక. దాన్ని గుర్తించిన డ్రైవరు అక్కడే వేగం తగ్గిస్తాడు. చేతికి అందకపోతే, కారు మలుపు బయటి వైపుకు జారడం మొదలయ్యాకే తెలుస్తుంది.

1944లో తెరిచిన తిరుమల మొదటి ఘాట్ రోడ్డును ఇప్పుడు దిగడానికే వాడుతున్నాం. దిగుతూ బ్రేకు వేస్తే కారు బరువు ముందుకు వాలుతుంది. ఆపడం, తిప్పడం రెండు పనులూ ముందు టైర్ల మీదే పడతాయి. టైరుకున్న పట్టు ఒక్కటే, ఒక్క జీతంతో రెండు సంసారాలు ఈదినట్టు. అలాంటి చోట ఆ హెచ్చరికకు విలువ కట్టలేం.

మరి మన కుర్రవాళ్లు చేయించేవి ఏమిటి? చిన్న స్టీరింగ్ చక్రం, వెడల్పు టైర్లు, బయటికి పొడుచుకొచ్చే రిమ్ములు. చిన్న చక్రం వల్ల చెయ్యి తక్కువ దూరం కదులుతుంది, చురుకు పెరిగినట్టు అనిపిస్తుంది. లోపలి నిష్పత్తి మాత్రం మారదు. పైగా కంపెనీ చక్రంతో పాటు అందులోని ఎయిర్‌బ్యాగ్ కూడా పోతుంది. రిమ్ము బయటికి జరిగితే ప్రతి గుంతకూ, ప్రతి బ్రేకుకూ స్టీరింగ్ చేతిలో గుంజుతుంది. ఆ గుంజుడు స్పర్శ కాదు, అసలు మాట వినపడకుండా చేసే రొద.

బరువుగా ఉండటం కూడా స్పర్శ కాదు. ఇప్పటి కార్లలో స్టీరింగుకు ఎలక్ట్రిక్ మోటారు సాయం చేస్తుంది. చాలా కార్లలో 'స్పోర్ట్' మీట నొక్కితే ఆ సాయం తగ్గుతుంది, చక్రం బరువెక్కుతుంది. కొత్త కబురేమీ రాదు. పోర్షే 911 కారుకు 2011లో వచ్చిన కొత్త తరంలో హైడ్రాలిక్ సాయం తీసేసి ఎలక్ట్రిక్ పెట్టినప్పుడు, స్పర్శ తగ్గిందని అభిమానులు గట్టిగానే గొణిగారు. 1996లో వచ్చిన లోటస్ ఎలీజ్‌కు ఏ సాయమూ లేదు. కారే తేలిక కాబట్టి అవసరం పడలేదు, స్పర్శకు అది ఇప్పటికీ ఉదాహరణగా నిలిచింది.

అయితే ఏం చేయాలి? ఖర్చు తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా చెబుతాను.

మొదట గాలి. డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఎంత ఉండాలో రాసి ఉంటుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఎండలో రేణిగుంట నుంచి వచ్చి, అంకె పెరిగిందని వేడి టైరులోంచి గాలి తీసేయకండి.

తర్వాత టైరు. పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. ముదిరి గట్టిపడిన రబ్బరుకు గీతలు మిగిలి ఉన్నా పట్టు తగ్గుతుంది. మార్చేటప్పుడు కంపెనీ చెప్పిన కొలతలోనే మంచి రకం కొనండి. స్పర్శకు ఇంతకన్నా లాభసాటి ఖర్చు లేదు.

మూడోది వదులు. టై రాడ్ చివర్లు, బాల్ జాయింట్లు, రబ్బరు బుష్‌లు అరిగితే చెయ్యి కదలడానికీ చక్రం కదలడానికీ మధ్య ఖాళీ వస్తుంది. చురుకు, స్పర్శ రెండూ ఆ ఖాళీలోనే పోతాయి. పాత కారుకు ఇవి మారిస్తే మళ్లీ కొత్తదైనట్టుంటుంది.

నాలుగోది అలైన్‌మెంట్. ముందు చక్రాల మొనలు కాస్త లోపలికి ఉంటే తిన్నటి రోడ్డు మీద కారు నిలకడగా ఉంటుంది. బయటికి ఉంటే మలుపులోకి చటుక్కున దిగుతుంది, కానీ హైవే మీద అటూ ఇటూ వెతుక్కుంటుంది. రేసు కారు కొలత ఇంటి కారుకు నప్పదు.

ఈ నాలుగూ అయ్యాకే గట్టి బుష్‌లు, వేగం నిష్పత్తి ర్యాక్ లాంటి వాటి గురించి ఆలోచించాలి. వాటికి ముందు చట్టం కూడా చూసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గరా చిక్కులొస్తాయి. వేగం పరీక్షించుకోవాలన్న ఉబలాటం ఉన్నవాళ్లకు శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేస్ ట్రాక్ ఉంది, మనకు మరీ దూరమేం కాదు. ఘాట్ రోడ్డు మాత్రం భక్తులది, బస్సులది, పిల్లాపాపలతో పోయే సంసారులది.

గురువులకు ఒక విన్నపం. బలం, ఘర్షణ, భ్రమణం పాఠాలు చెప్పేటప్పుడు పిల్లలను బడి ఆవరణలో నిలిపిన ఒక కారు దగ్గరికి తీసుకెళ్లండి. శ్రీసిటీలో ఇసుజు బండ్లు తయారవుతున్నాయి, చిన్నపాండూరు దగ్గర అపోలో టైర్లు తయారవుతున్నాయి. రేపు అక్కడ పనిచేసే ఇంజనీర్లు ఈ తరగతుల్లోంచే రావాలి.

సంఘం పెద్దలకు ఒక ప్రతిపాదన. ఏటా మన కలయిక రోజున వచ్చిన కార్లకు, బైకులకు బడి మైదానంలోనే టైర్లు, గాలి, స్టీరింగ్ వదులు చూసే ఏర్పాటు చేద్దాం. పనిముట్లు నేను తెస్తాను, సాయానికి నలుగురు తమ్ముళ్లు చాలు. ఒక్కో బండికి పది నిమిషాలు పడుతుంది. ఈ ఏడాదికి రేపు పొద్దున ఏడింటికే మొదలుపెడదాం. ఎండెక్కక ముందే, టైర్లు చల్లగా ఉండగానే రండి.