ప్రవేశపరీక్షా ఫలితములు – కళాశాలల యెంపిక



తొలి తెలుగు శాసనముగా పండితులెన్నిన ధనంజయుని శాసనము వెలసిన కలమల్ల యిది. అది శిలాక్షరము, మన బిడ్డల ర్యాంకు శిలాక్షరము కాదు. ఫలితపు కాగితమును చూచినంతనే చదువు మాన్పించు తండ్రులు మనలోనే కలరు. ముందుగా దానిని చదువుట నేర్తము.

2025 నాటి నిబంధనలను బట్టి ఈఏపీసెట్ పరీక్షకు 160 మార్కులు. ర్యాంకునకు దాని పాలు నూటికి 75. ఇంటర్మీడియట్ ఐచ్ఛిక విషయముల పాలు 25. పూటపూటకు ప్రశ్నపత్రము మారును గావున సెట్టు మార్కులను సమీకరించిన పిమ్మటనే ఈ లెక్క. సెట్టులో 88, ఇంటరులో నూటికి 72 వచ్చిన బాలునికి 59.25, సెట్టులో 80, ఇంటరులో 90 వచ్చిన బాలికకు 60. ఆమెయే ముందు!

ర్యాంకు మంచిదో కాదో రచ్చబండ తేల్చజాలదు. క్రిందటి యేట ఏ కళాశాలలో, ఏ శాఖలో, మన వర్గమునకు ఎంత ర్యాంకువరకు సీటు దక్కెనో ఆ పట్టిక చెప్పును. బాలురకు, బాలికలకు వేర్వేరుగా చూడవలెను. కన్వీనరు సీట్లలో నూటికి 85 స్థానికులవి. మన కడప జిల్లా శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధిలోనిది.

ఆప్షన్లకు కోరికయే వరుస. పులివెందుల జేఎన్‌టీయూ కళాశాలను మొదట వ్రాసినచో ప్రొద్దుటూరి యోగివేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల చేజారునను భయము వలదు. మొదటిది దక్కనిచో తరువాతిదానిని చూతురు. తదుపరి విడతలో మాత్రము జాగ్రత్త! క్రొత్త సీటు వచ్చిన పాతది రద్దగును. చేతనున్నదానికంటె మేలైనవే వ్రాయింపుడు.

ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకి ఈ ర్యాంకుతో పనిలేదు, పదవ తరగతి మార్కులే ప్రమాణము. చిన్నబిడ్డలు గలవారు ఆ వాకిలిని ఇప్పుడే చూచుకొనవలెనని మనవి.