నేర్పేవారికి రుసుము ఇవ్వాలా?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిలు, మెడికల్ బిల్లులు వదిలి బొమ్మ విమానాల గురించి మాట్లాడతానంటే కొందరు నవ్వారు. ముప్పై మూడేళ్లు క్యాష్ బుక్ రాసినవాణ్ణి. నాకు ఇదీ జమాఖర్చుల విషయమే.

పటాన్‌చెరు వైపు మా కాలనీలో ఒక మిత్రుడుండేవారు. కార్ఖానాలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. చదువుకునే రోజుల్లో ఎన్.సి.సి. ఎయిర్ వింగులో బొమ్మ విమానాలు చేయడం నేర్చారు. 1950లో ఏర్పడిన ఆ విభాగంలో ఇదొక శిక్షణాంశం. నేర్పడానికి జీతం మీద శిక్షకుని పోస్టు కూడా ఉంది. "సర్కారు జీతమిచ్చి నాకు నేర్పించింది, నేను పైసా తీసుకోను" అనేవారాయన. ప్రతి ఆదివారం పొద్దున్నే అయిదారుగురు పిల్లలను కూర్చోబెట్టి, తేలికైన బాల్సా చెక్క కోయించి, రెక్కలు అతికించేవారు. నా మనవడు వారిలో ఒకడు. ఒక కార్మికుని కొడుకు చేతిపని మాత్రం అందరికంటే నాణ్యంగా ఉండేది.

ఉన్నమాట చెప్పాలి. మోకాళ్ల నొప్పి వస్తే ఆయన రారు. ఊరికే నేర్పుతున్నవారిని ఎందుకు రాలేదని ఎట్లా అడుగుతాం? రిమోటు ఒక్కటే. పిల్లవాడు తడబడితే విమానం నేలకు తగిలేది. మళ్లీ నెల రోజులు అతుకులే.

ఆయన కాలం చేశాక నెలవారీ ఫీజు పెట్టి ఒక యువకుణ్ణి కుదిర్చాం. వేళకు వచ్చేవాడు. రెండు రిమోట్లను తీగతో కలిపేవాడు. అతడు స్విచ్చి నొక్కి ఉంచినంతసేపే విమానం పిల్లవాడి అదుపులో ఉంటుంది, వదిలితే తన అదుపులోకి వస్తుంది. కూలడం బాగా తగ్గింది.

రసీదు పుస్తకం నా దగ్గరుండేది. రెండు నెలలు బకాయిపడిన ఆ కార్మికుని కొడుకుతో, అందరి ముందూ, "డబ్బు తెచ్చాక రా బాబూ" అన్నాను. వాడేమీ అనలేదు. సగం అతికించిన రెక్కను చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. కొన్నాళ్లకు వాళ్లు ఇల్లు ఖాళీ చేశారని తెలిసింది. నా సర్వీసులో ఒక్క ఆడిట్ అభ్యంతరం లేదు. ఈ అభ్యంతరానికి మాత్రం నేటికీ జవాబు రాయలేకపోయాను.

అయినా తప్పు ఫీజుది అనను. ఆ యువకునికీ సంసారముంది, పెట్రోలు ఖర్చుంది. పైగా ఇప్పుడు బాధ్యత పెరిగింది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం సరదాకు, చదువుకు ఎగరేసే నమూనా విమానం బరువు 25 కిలోలు మించకూడదు, కంటికి కనబడే దూరంలోనే ఎగరాలి. మనకు దుండిగల్ వైమానిక అకాడమీ దగ్గర. ఎక్కడ ఎగరేయవచ్చో ప్రభుత్వ పటం చూసుకునే మైదానంలో దిగాలి. ఇవన్నీ నేర్పే మనిషి నిలకడగా రావాలి.

వేసవి సెలవుల్లో మన సంఘం తరగతులు పెడుతున్నది కనుక మూడు మాటలు మనవి చేస్తాను. ఒకటి, శిక్షకునికి గౌరవ వేతనం సంఘ నిధి నుంచి వోచరు మీద చెల్లించాలి, నిధికి ఇవ్వగలిగినవారు ఇస్తారు. రెండు, ఉచితంగా నేర్పే పెద్దలైనా సరే హాజరు పట్టీలో సంతకం చేయాలి. రాలేని రోజు ముందుగా కబురు చేయాలి. మూడు, డబ్బు లెక్క చూసేవాడు పిల్లల మధ్యకు రాకూడదు. ఎవరు ఇచ్చారో, ఎవరు ఇవ్వలేదో పిల్లలకు తెలియనే కూడదు.

మొదటి నెల వేతనం నా పెన్షనులోంచి ఇస్తాను. కోశాధికారి గారు జమ వేసుకోగలరు. నా పేరు మాత్రం మైదానంలో చదవవద్దు.