అమెరికా ల్యాబ్‌లో సైన్స్ ఎంత? పేపర్ వర్క్ ఎంత?

అమెరికా వెళ్లి పీహెచ్‌డీ చేద్దామనుకునేవాళ్లు మీలో చాలామంది ఉంటారు. ల్యాబ్ అంటే పొద్దస్తమానం ప్రయోగాలే అనుకుంటాం కదా. 2018లో అక్కడి పరిశోధకులను ఒక పెద్ద సర్వేలో అడిగారు, ప్రభుత్వ గ్రాంట్ మీద పనిచేసే టైమ్ ఎటు పోతోందని. సగటున 44 శాతం దరఖాస్తులు, రిపోర్టులు, అనుమతులకే పోతోందట! 2012లో అది 42 శాతం.

అలాగని రూల్స్ అన్నీ దండగ అంటే నేను ఒప్పుకోను. అలబామాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా ఏం జరిగిందో తెలుసా? సిఫిలిస్ ఉన్న వందలమంది నల్లజాతి మగవాళ్లకు అసలు విషయం చెప్పకుండా, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. చేసింది ఎవరో కాదు, ప్రభుత్వ ఆరోగ్య విభాగమే. అది బయటపడ్డాకే 1974లో చట్టం వచ్చింది. మనుషుల మీద స్టడీ చేయాలంటే ముందు ఒక కమిటీ ఒప్పుకోవాలి. ఆ కమిటీ ఉండాల్సిందే.

చిక్కల్లా ఏంటంటే, ఏ ఏజెన్సీకి ఆ ఏజెన్సీ రూల్స్ పెడుతూ పోతుంది. మనవాళ్లకు నేరుగా తగిలేది ఒకటి చెప్తా, 'డీమ్డ్ ఎక్స్‌పోర్ట్'. కంట్రోల్ లిస్టులో ఉన్న టెక్నాలజీ వివరాలను అదే ల్యాబ్‌లో, పక్క బెంచీలో ఉన్న ఇండియన్ స్టూడెంట్‌కి చూపించినా, చట్టం లెక్కలో ఇండియాకి ఎగుమతి చేసినట్టే! గ్రీన్ కార్డు ఉంటే వర్తించదు. అందరికీ తెలిసేలా పబ్లిష్ చేసే మామూలు రీసెర్చ్‌కి మినహాయింపు ఉంది, కంగారు పడకండి. కానీ ఏది ఎందులోకి వస్తుందో తేల్చడానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకోవాలి.

మరి ఆ జీతాలు ఎవరిస్తారు? 1990 ప్రాంతంలో స్టాన్‌ఫర్డ్ ఒక విలాస పడవ ఖర్చుని కూడా పరిశోధన లెక్కలో వేసిందని పెద్ద రచ్చయింది. దాంతో 1991లో ప్రభుత్వం గీత గీసింది. పరిశోధనకి ఇచ్చే ప్రతి 100 డాలర్లకీ ఆఫీసు నడపడానికి సుమారు 26 డాలర్లు మించి ఇవ్వం అని. తర్వాత రూల్స్ పెరిగాయి, ఆ 26 మాత్రం కదల్లేదు. పైన పడేదంతా యూనివర్సిటీ జేబులోంచే.

2025 ఫిబ్రవరిలో ఎన్‌ఐహెచ్ ఇంకో అడుగు వేసింది. ఆఫీసు, బిల్డింగులు, కరెంటు అన్నీ కలిపి 15 శాతమే ఇస్తామంది. కోర్టు ఆపిందనుకోండి. నాకు వింతగా అనిపించింది వేరే. ఆ నోటీసులో డబ్బుకి కోత ఉంది, ఒక్క ఫారానికీ కోత లేదు.