ప్రతిజ్ఞ - పసిపిల్లలు
(సంఘం వార్షిక సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



"మన పిల్లల చదువు" అనే విషయం మీద మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. అది సముద్రమంత విషయం. నేను అందులోంచి ఒక చెంబెడు నీళ్లే తీసుకుంటాను. అది కూడా నేను వెతికి తెచ్చుకున్నది కాదు. మన సంఘం ఉచితంగా నోటు పుస్తకాలు పంచిన రోజున ఒక తల్లి నన్ను ఆపి అడిగిన ప్రశ్న.

ఆమె కొడుకు ఒకటో తరగతి. ఇంట్లో కుడిచెయ్యి ముందుకు చాచి బడిలో నేర్పిన ప్రతిజ్ఞ అప్పజెబుతున్నాడట. వాళ్ల నానీ విని, "యే కైసీ ఖసమ్ రే?" అని గద్దించిందట. ముస్లిం బిడ్డ అల్లాహ్ పేరు మీద తప్ప ఒట్టు వేయరాదు గదా అని ఆమె బాధ. తండ్రేమో, "వాడు చెప్పకపోతే రేపు మనల్ని వేలెత్తి చూపుతారు, నువ్వు ఊరుకో అమ్మీ" అన్నాడట. ఆ పూట ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. "మాస్టారూ, వాణ్ణి చెప్పనివ్వాలా, వద్దా?" అని ఆ తల్లి అడిగింది.

ముందుగా ఆ నానీ గారి మాటకు జవాబు చెప్పుకుందాం. నేను ఆలిమ్‌ను కాను, తెలుగు పంతుల్ని. మసాయిల్ కావలసినవారు ఇమాము గారిని అడగండి. కాని తెలుగు పంతులుగా ఒక్క సంగతి చెప్పగలను. మన భాషలో ఒట్టు వేయడం వేరు, మాట ఇవ్వడం వేరు. ఒట్టు వేసేవాడు ఎవరి మీదనో, దేని మీదనో చెయ్యి వేసి చెబుతాడు. ప్రతిజ్ఞలో ఎవరి మీదా ఒట్టు లేదు. అది ఖసమ్ కాదు, వాదా. అందులో ఏ దేవుడి పేరూ లేదు, ఏ రాజు పేరూ లేదు, దేనికీ సాగిలపడమని లేదు. ఈ దేశం నాది, ఇందులో ఉన్నవాళ్లంతా నా తోబుట్టువులు, తల్లిదండ్రుల్ని, గురువుల్ని, పెద్దల్ని గౌరవిస్తాను, జంతువుల మీద దయ చూపుతాను అని ఉంది. ఇందులో మన దీన్‌కు అడ్డం వచ్చేదేదో నాకైతే కనబడలేదు.

పైగా అది మన తెలుగువాడు రాసింది. నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉద్యోగం చేస్తూ 1962లో దీనిని తెలుగులో రాశారు. తెన్నేటి విశ్వనాథం గారి ద్వారా అప్పటి రాష్ట్ర విద్యామంత్రి పి.వి.జి. రాజు గారికి చేరింది. 1963లో విశాఖలో పిల్లల చేత చదివించారు. 1964లో బెంగుళూరులో, కేంద్ర విద్యామంత్రి ఎం.సి. చాగ్లా గారి అధ్యక్షతన జరిగిన విద్యా సలహా మండలి సమావేశం దేశమంతటా చెప్పించాలని నిర్ణయించింది. 1965 జనవరి 26 నుంచి అమలులోకి వచ్చింది. సుబ్బారావు గారు 1988లో కాలం చేశారు. దేశంలోని బడిపిల్లలంతా ఆయన మాటలు చెబుతూనే ఉన్నారు గాని, ఆయన పేరు తెలిసినవారు చాలాకాలం బహు తక్కువ. లెక్కల పుస్తకాల మధ్య కూర్చుని పనిచేసే ఉద్యోగికి అలాంటి ఆలోచన రావడం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

అయితే ఇక్కడితో ఆపి, "కాబట్టి అందరూ చెప్పండి" అని దిగిపోతే నేను సగం నిజమే చెప్పినవాణ్ణవుతాను. ప్రతిజ్ఞ మంచిదా అన్నది ఒక ప్రశ్న. ఆరేళ్ల బిడ్డ చేత ప్రతిజ్ఞ చేయించవచ్చునా అన్నది ఇంకొక ప్రశ్న.

ఆ తల్లి కొడుకును దగ్గరకు పిలిచి చెప్పమన్నాను. "సుసంపన్నమైన" దగ్గర ఆగి నవ్వాడు. ఏమిట్రా అంటే, ముందు పళ్లు ఊడిన నోరు చూపించి, "నా పన్ను ఊడిపోయింది సార్, మళ్లీ వచ్చాక చెప్పాలంట" అన్నాడు. వాళ్ల అన్న అలా ఆటపట్టించాడట. వాడి దృష్టిలో అది పళ్ల గురించిన పద్యం! ఇంక "బహువిధమైన", "వారసత్వం", "సేవానిరతి" - ఇవి వాడికి ఏ అర్థంతో తగులుతున్నాయో నేను అడగలేదు. అడిగితే నా తెలుగు పోతుందని భయం. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, కొందరికి ఇప్పుడు ఇంగ్లీషు. మన పిల్లలకు ఈ కష్టం మరి రెండింతలు.

కోర్టులో సాక్షి ప్రమాణం చేయాలి గదా. 1969 నాటి ప్రమాణాల చట్టం ఏమంటుందంటే, సాక్షి పన్నెండేళ్ల లోపు బిడ్డ అయి, నిజం చెప్పాలని తెలిసినా ప్రమాణం అంటే ఏమిటో తెలియదని కోర్టు అనుకుంటే, ఆ బిడ్డకు ప్రమాణం అక్కరలేదు. మన షరియత్‌లోనూ బాలిగ్ కాని బిడ్డ ఖసమ్‌కు కట్టుబాటు లేదు. అంటే నానీ గారి భయమూ అక్కరలేదు, తండ్రి గారి తొందరా అక్కరలేదు. కోర్టువారు పన్నెండేళ్ల దాకా ఆగుతారు. బడిలో మనం ఆరేళ్లకే ప్రతిదినం చేయిస్తున్నాం.

ఇప్పుడు నా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి. 1983లో నేనొక పల్లెటూరి బడిలో కొత్తగా చేరాను. మూడో తరగతి కుర్రవాడొకడు ప్రతిజ్ఞ మధ్యలో చాచిన చెయ్యి దించేసేవాడు. రెండు రోజులు చూశాను. మూడో రోజు వాణ్ణి వరుసలోంచి లాగి, అందరి ముందూ "నీకు దేశమంటే లెక్కలేదా?" అని, రెండో గంట కొట్టేదాకా ఎండలో నిలబెట్టాను. వాడు ఒక్క మాట మాట్లాడలేదు. మధ్యాహ్నం ఆయా చెప్పింది - వాడి చొక్కా చంక కింద చిరిగిపోయి ఉంది, చెయ్యి చాస్తే పక్కవాళ్లు నవ్వుతున్నారు, అందుకని దించేస్తున్నాడు. అంతకు కాసేపటి ముందే, అందరూ నా తోబుట్టువులని ఆ పిల్లలతో కలిసి నేనూ బిగ్గరగా చెప్పి ఉన్నాను. ఆ కుర్రవాడు హిందువా, ముస్లిమా అని మీరు అడగవద్దు, నేను చెప్పను.

బిడ్డ నోరు మూసుకున్నాడన్నా, చెయ్యి దించాడన్నా దానికి వెయ్యి కారణాలు ఉంటాయి. కొన్నిసార్లు అది నమ్మకమే కావచ్చు. కేరళలో 1985లో ముగ్గురు తోబుట్టువులు - యెహోవా సాక్షుల బిడ్డలు - జాతీయగీతం పాడలేదని బడి నుంచి పంపించివేశారు. వాళ్లు లేచి మర్యాదగా నిలబడేవారు, పాడేవారు కాదు, అంతే. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమన్నది. ఆ తీర్పు రాసినది మన తెలుగువారే, జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి గారు. లేచి మౌనంగా నిలబడడం అగౌరవం కాదని ఆ తీర్పు సారాంశం. అది గీతం గురించిన తీర్పు, ప్రతిజ్ఞ గురించినది కాదు, నేను కలిపి చెప్పడం లేదు. కాని బడిపెద్దలు దాన్ని ఒకసారి చదువుకుంటే మంచిది. అమెరికాలో కూడా, 1943లో, దేశం యుద్ధంలో మునిగి ఉన్న రోజుల్లోనే, పిల్లల చేత బలవంతంగా జెండా వందనం, ప్రతిజ్ఞ చేయించరాదని అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది.

నా అభిప్రాయం దాచను. మూడో తరగతి దాకా ప్రతిజ్ఞను ఉపాధ్యాయుడు చెప్పాలి, పిల్లలు వినాలి. వారానికి ఒక్క వాక్యం తీసుకుని, పెద్దల్ని గౌరవించడమంటే ఏమిటి, జంతువుల మీద దయ అంటే కుక్కపిల్లను రాళ్లతో కొట్టకపోవడమే గదా అని మాట్లాడించాలి. నాలుగో తరగతి నుంచి అర్థం తెలిసినవాళ్లు చెప్పనీ. ఇది ప్రభుత్వం చేస్తుందా అంటే ఇప్పట్లో చేయదు. "చిన్నప్పుడు నోటికి వస్తే అర్థం పెద్దయ్యాక వస్తుంది" అనేవారున్నారు. మన పిల్లలు ఖురాన్‌ను కూడా అలాగే నేర్చుకుంటున్నారు గదా అని ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. గట్టి మాటే. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తర్వాత తోచింది - నోటికి నేర్పడానికి నాకు అభ్యంతరం లేదు. ఏ హాఫిజ్ గారూ ఆయత్ తప్పిన బిడ్డను పట్టుకుని నీకు దీన్ లేదని అనరు, మళ్లీ చెప్పిస్తారు. ప్రతిజ్ఞ తప్పిన బిడ్డను నేను అన్నాను.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ విషయం మీద బిడ్డను బడి మాన్పించవద్దు, బిడ్డ ఎదుట పోట్లాడవద్దు. అనుమానం ఉంటే హెడ్మాస్టరు గారి దగ్గరకు మీరే వెళ్లి కూర్చుని మాట్లాడండి. మనవాళ్లలో చాలామందికి బడి గడప ఎక్కాలంటేనే జంకు. అదీ పోవాలి.

ఆ తల్లితో నేను, "చెప్పనివ్వమ్మా, కాని నా దగ్గరకు పంపు" అన్నాను. కార్యదర్శి గారు సంఘం ఆఫీసు పక్క గది తాళం నాకు ఇస్తామన్నారు. ఆదివారాలు అస్ర్ నమాజు తర్వాత ఒక గంట. నాలుగో తరగతి లోపు పిల్లల్ని పంపండి, ఏ మతం వారైనా సరే. ముందు వారం "సుసంపన్నం" తోనే మొదలుపెడతాను. చొక్కా చిరిగి ఉన్నా ఫర్వాలేదని చెప్పి పంపండి.