బ్రిటిషు వోటరును నాయకుని గుణగణములును
(పఠనమందిర సభలో చేసిన ఉపన్యాసపాఠము)



బ్రిటిషు వోటరు తన నాయకుని శీలమును, ప్రతిభను, మాటచాతుర్యమును ఎంతవఱకు పాటించి వోటు వేయును? ఈ సాయంకాలము మాకొసగిన విషయమిది. కార్యదర్శిగారు దీనిని తెలిపినప్పుడు, పరదేశపువారు ఎవరిని మెచ్చిననేమి, ఎవరిని త్రోసిపుచ్చిననేమి, మనకిందు పనియేమని మేమును ఒక క్షణము తటపటాయించితిమి. కాని ఒకమాఱు ఆ వోటరు చెప్పిన తీర్పుపై నలువదికోట్ల భారతీయుల భవితవ్యము వ్రేలాడినది. ఆ వోటరు మాత్రము ఆనాడు మనలను తలచుకొననైన లేదు. ఈ రెండుమాటలును ఎట్లు పొసగునో చూపుటయే మా ప్రయత్నము.

1945వ సంవత్సరము జూలై 5వ తేదీని బ్రిటనులో పోలింగు జరిగెను. దూరదేశములందున్న సైనికుల వోట్లు వచ్చి చేరవలసియుండుటచే పెట్టెలకు సీళ్లువేసి మూడువారములు భద్రపఱచి, జూలై 26వ తేదీని ఫలితములు ప్రకటించిరి. ఆ మూడువారముల నడుమనే, జూలై 14వ తేదీని, సిమ్లాలో వేవెలు ప్రభువు కూర్చిన సమావేశము భగ్నమయ్యెను. కాంగ్రెసు కార్యవర్గమువారు చెఱసాలలనుండి వెలువడి అప్పటికింకను నెల తిరుగలేదు. మన దేశమున ఆశ అడుగంటిన ఆ దినములలోనే లండనులో సీళ్లువేసిన పెట్టెలలో మన విధియు పడియుండెను.

ఆనాడు చర్చిలుకు గల కీర్తి ఎట్టిదో చెప్పవలసిన పనిలేదు. 1940లో యూరపు ఖండమంతయు హిట్లరు పాదాక్రాంతమైనప్పుడు చలింపక నిలిచిన ధీరుడతడు. ఆయన వాగ్ధాటికి సాటియైన దానిని ఆ తరమువా రెవ్వరును వినియుండలేదు. 1945 మేనెలలో గాలపు సంస్థవారు ప్రజాభిప్రాయమును సేకరింపగా నూటికి 83 మంది ఆయనను మెచ్చుకొనిరి. ఆయన మోటారు పోయిన ప్రతి వీథిలోను జనము జయజయధ్వానములు చేయుచుండిరి. అతనికి ఎదురు నిలిచినవాడు క్లెమెంటు అట్లీ. పొట్టివాడు, బట్టతలవాడు, మితభాషి. పదిమాటలు చెప్పవలసినచోట రెండు చెప్పి ఊరకుండువాడు. బారిష్టరీ చదివియు ఆ వృత్తిని విడిచి, లండను తూర్పుభాగమునందలి పేదలపేటలో సేవచేసి, స్టెప్నీ పట్టణమునకు మేయరై, మెట్టుమెట్టుగా పైకి వచ్చినవాడు. ఎన్నికల సంచారమున ఆయన భార్యయే చిన్న కారు నడుపగా ఆయన ప్రక్కన కూర్చుండి ఊరూరు తిరిగెను. గుణగణములను త్రాసున బెట్టి తూచునెడల ఎవరివైపు మొగ్గునో చిన్నబిడ్డయు చెప్పగలదు.

పెట్టెలు తెఱచిరి. కార్మికపక్షమునకు 393 స్థానములు, చర్చిలు పక్షమునకును దాని మిత్రులకును కలిపి 213 స్థానములు వచ్చెను. అంతకంటె వింత మఱియొకటి గలదు. చర్చిలు పోటీచేసిన వుడ్‌ఫర్డు నియోజకవర్గములో ఆయనయందలి గౌరవముచే కార్మికపక్షమువారుగాని ఉదారపక్షమువారుగాని అభ్యర్థిని నిలుపలేదు. ఎవరును పేరెఱుగని ఒక స్వతంత్రుడు మాత్రము నిలిచెను. అతనికి పదివేలకు పైబడి వోట్లు వచ్చినవి! యుద్ధమును గెలిచి రెండున్నర నెలలైన నిండని మహావీరునికి వ్యతిరేకముగా, ఆయన సొంత గడ్డమీద, పదివేలమంది ఒక అనామకునకు వోటు వేసిరి.

ఇది కృతఘ్నతయని ఆనాడు పలువురు తలపట్టుకొనిరి. మే మట్లు తలపము. మా వృత్తిలో మే మెఱిగిన విషయ మొకటి గలదు. కక్షిదారు తన తండ్రికి హత్యకేసులో ప్రాణదానము చేసిన వకీలునకు జీవితాంతము నమస్కరించును. కాని ఇంటి పంపకపు దావా వచ్చినప్పుడు సివిలు పనిలో ఆఱితేఱిన మఱియొక వకీలు గుమ్మము త్రొక్కును. మొదటివానియందు భక్తి తగ్గినదని కాదు. పని వేఱు. బ్రిటిషువా రానాడు చేసినది ఇదియే.

వారి ఇంటి పని ఏమనగా, బాంబులచే కూలిన ఇండ్లు, సైన్యమునుండి తిరిగి రానున్న లక్షలాది పురుషులకు ఉద్యోగములు, జబ్బు చేసినప్పుడు వైద్యము. 1942 డిసెంబరులో బెవరిడ్జి నివేదిక వెలువడినప్పుడు దాని ప్రతులు లక్షలకొలది అమ్ముడుపోయెను. ప్రభుత్వపు నివేదికను జనము వరుసలలో నిలిచి కొనుట మనము మఱి వినియెఱుగము! అటుపిమ్మట గాలపువారి లెక్కలలో కార్మికపక్షమే ముందంజలో నుండెను. పత్రికలో అచ్చయినను ఆ లెక్కలను నమ్మినవాడు లేడు. చర్చిలుకు చేయు జయజయధ్వానములే అందఱి చెవులను నింపినవి. 1930వ దశకపు నిరుద్యోగమును, హిట్లరునకు లొంగిన పాత మంత్రుల చేతకానితనమును సామాన్యుడు మఱువలేదు. ఆ దోషము చర్చిలుది కాదు, ఆయన వారినెదిరించినవాడే. అయినను ఆయన కూర్చున్నది వారి బండిలోనే గదా!

ఆపైన చర్చిలు తానే ఒక గొప్ప పొరపాటు చేసెను. జూన్ 4వ తేదీని రేడియోలో ప్రసంగించుచు, సోషలిస్టులు అధికారమునకు వచ్చినచో ఏదో విధమగు గెస్టపో పోలీసు దళము లేక నిలువజాలరని హెచ్చరించెను. అయిదేండ్లు తనతో ఒక్క మంత్రివర్గమున కూర్చున్న అట్లీని గుఱించియా ఈ మాట! వినువారు నివ్వెఱపోయిరి. మఱునాటి రాత్రి అట్లీ శాంతముగా ప్రత్యుత్తరమిచ్చుచు, యుద్ధమున జాతినాయకుడైన చర్చిలుకును ఒక పక్షమునకు నాయకుడైన చర్చిలుకును గల భేదమును ప్రజలకు తేటపఱచుటయే ఆయన ఉద్దేశము కాబోలునని భావము వచ్చునట్లు పలికెను. సౌమ్యుని మాట సూదివలె దిగినది. ఇక్కడ నాయకుని స్వభావము పనిచేయలేదా యని మీరడుగవచ్చును. పనిచేసినది. కాని అప్పటికే మొగ్గియున్న త్రాసునకు అది ఒక గురిగింజ యెత్తు మాత్రమే.

వోటు కాగితమును గూర్చి కూడ ఒక మాట చెప్పవలయును. బ్రిటనులో ప్రధానమంత్రిని దేశమెల్ల ఎన్నుకొనదు. తన నియోజకవర్గమునకు వెలుపల ఆయన పేరు ఏ కాగితముమీదను ఉండదు. అంతేకాదు, 1969 నాటి చట్టము వచ్చువఱకు ఆ కాగితముమీద పక్షము పేరుకూడ ఉండెడిది కాదు. అభ్యర్థి పేరు, చిరునామా, వృత్తి, అంతే. అనగా 1945లో అట్లీ పక్షమునకు వోటు వేయగోరినవాడు తన యూరి అభ్యర్థి పేరును ఇంటనుండి మనసున బెట్టుకొని రావలసియుండెను. అట్టి పద్ధతిలో పెరిగిన వోటరు పక్షమును చూచుట అలవఱచుకొనెను, మొగమును కాదు. 1892లో సెంట్రలు ఫిన్సుబరీనుండి మన దాదాభాయి నౌరోజీ వ్రేళ్లమీద లెక్కింపదగిన ఆధిక్యముతో నెగ్గెను. అక్కడివారు వర్ణభేదమును జయించిరని మనము పొంగిపోదుము. నిజమునకు వారిలో పెక్కురు ఉదారపక్షపు అభ్యర్థికి వోటు వేసిరి, అతడు పార్సీ పెద్దమనిషి యగుట తటస్థించినది.

ఇక మన సంగతి. చర్చిలు గుణములలో బ్రిటిషు వోటరు ఎన్నడును తూచనిది ఒకటి గలదు. 1931లో గాంధీమహాత్ముని అర్ధనగ్న ఫకీరని ఎగతాళిచేసినవాడు, 1942లో సామ్రాజ్యమును తెగనమ్ముటకు తాను ప్రధానిని కాలేదని చాటినవాడు, 1943లో వంగదేశమున లక్షలకొలది జనము ఆకలిచే చచ్చుచుండగా ఓడలు లేవని చేయి విదిల్చిన ప్రభుత్వమునకు అధిపతి. ఇవి నాయకుని శీలమునకు సంబంధించిన విషయములు కావా? లండను వీథులలో ఎవరైన వీనినిగూర్చి ప్రశ్నించిరా? ఇండియామంత్రి ఏమరీ ఆ యెన్నికలో బర్మింగుహాము నగరపు స్పార్కుబ్రూకులో ఓడెను. ఆహా, వంగదేశపు ఉసురు తగిలినదని మనవా రనుకొనిరి. కాని అదే స్థానమునకు రజనీ పామీ దత్తు కమ్యూనిస్టు అభ్యర్థియై భారత సమస్యనే ఎత్తిచూపుచు పోటీచేసెను. ఆయనకు రెండువేల వోట్లయిన రాలేదు. ఏమరీని ఓడించినవాడు స్థానిక కార్మికపక్షపు అభ్యర్థి. గెలిపించినది ఇండ్ల సమస్య.

ఇంతకును అట్లీ మనకు కొత్తవాడు కాడు. 1928లో మన మేకకంఠముతో తిరిగిపొమ్మన్న సైమను సంఘములోని ఏడుగురిలో ఆయన యొకడు. ప్రకాశం పంతులుగారు మద్రాసులో తుపాకులకు ఱొమ్ము చూపినది ఆ సంఘమును బహిష్కరించిననాడే. ఆ మనుష్యుడే 1947లో అధికారమును మనకప్పగించిన ప్రభుత్వమునకు పెద్ద. ఆయన గుణమే మాఱినదా, కాలము మాఱినదా? రెండును కొంతకొంత. అయితే 1942నాటి ఉద్యమమును, 1946నాటి నావికుల తిరుగుబాటును, యుద్ధమువలన బ్రిటనుకు పట్టిన దారిద్ర్యమును ప్రక్కకు నెట్టి, ఒక సజ్జనుని మంచితనముచే మనకు స్వరాజ్యము లభించినదని చెప్పుట మాత్రము సరికాదు.

తరువాతి కాలమునకు వత్తము. 1979 మే 3వ తేదీ ఎన్నికలో జేమ్సు కాలహను, శ్రీమతి థాచరు తలపడిరి. ఎవరు ప్రధానిగా తగుదురని అడిగినప్పుడు జనము కాలహనునే ఎక్కువగా చెప్పెడివారు. శాంతుడు, అనుభవశాలి. అయినను ఆ చలికాలపు సమ్మెలు ఆయనను ముంచినవి. థాచరు పక్షమునకు 43 స్థానముల ఆధిక్యము వచ్చెను. 2010లో మొదటిసారి నాయకులు మువ్వురు టెలివిజనులో వాదించిరి. నిక్ క్లెగ్ మాటతీరునకు దేశము మురిసిపోయెను, రెండువారములు పత్రికలనిండ ఆయన పేరే. తీర నెన్నిక జరిగినప్పుడు ఆయన పక్షమునకు వచ్చినవి 57 స్థానములు, అంతకుముందుకంటె అయిదు తక్కువ!

గుణము అసలే పనిచేయదని మే మనము. పోరు సమానమైనప్పుడు గురిగింజయు త్రాసును వంచును. 1964లో కార్మికపక్షమునకు వచ్చిన ఆధిక్యము నాలుగు స్థానములే. అప్పటి ప్రధాని డగ్లసు హోము వంశపారంపర్యపు ప్రభుపదవిని విడిచి వచ్చినవాడు. ఆర్థికశాస్త్రపు లెక్కలను అగ్గిపుల్లలతో చేసుకొందునని తానే ఒకమాఱు చెప్పి నగుబాటు కొనితెచ్చుకొనెను. నాలుగు స్థానములకు అగ్గిపెట్టె చాలదని ఎవడు చెప్పగలడు? 2002లో ఆంథొనీ కింగు అను రాజనీతి పండితుడు కొన్ని దేశముల ఎన్నికలను శోధింపజేసి సంపుటము వెలువరించి, నాయకుల వ్యక్తిత్వము ఫలితమును నిర్ణయించుట అరుదని తేల్చెను. మా మతమును దాదాపు అదియే, కాని ఒక సవరణ గలదు.

ఆ సవరణకు సాక్షి బోరిసు జాన్సను. ఆయన సత్యసంధుడని ఆయన మిత్రులును అనలేదు. ఆ సంగతి తెలిసియే 2019 డిసెంబరులో జనము ఆయన పక్షమునకు 365 స్థానములిచ్చిరి. యూరపు సంఘమునుండి వెడలుట అను పని ఒకటి ఎదుటనుండెను, ఆ పనికి పనికివచ్చునని ఎంచిరి. పిమ్మట మహమ్మారి వచ్చినది. తల్లి మరణించినను దగ్గఱకు పోరాదు, అంత్యక్రియలకు పదిమంది చేరరాదు అని శాసనము చేసిన ఇంటిలోనే విందులు జరిగినట్లు బయటపడినది. 2022 ఏప్రిలులో పోలీసులు ప్రధానమంత్రికే జుల్మానా వేసిరి. ఆ జూలైలో తన పక్షమువారే ఆయనను దింపిరి. అంతకుముందును అసత్యము అసత్యమే. కాని ఈమాఱు అది వోటరు ఇంటి చావును తాకినది. 2017లో థెరెసా మే తన స్థిరత్వమే పెట్టుబడిగా మూడేండ్లు ముందుగా ఎన్నిక పెట్టి, వృద్ధుల సంరక్షణకు వారి యిండ్ల విలువను ముడిపెట్టి, నాలుగు దినములలో ఆ మాటను సవరించుకొని, ఉన్న ఆధిక్యమును పోగొట్టుకొనినదియు ఇట్టిదే. స్థిరత్వమున్నదో లేదో వోటరు తన యింటి కప్పుక్రింద నిలిచి చూచెను.

మేమును వోటర్ల పట్టిక చేతబట్టి ఇంటింటికి తిరిగినవారమే. గుమ్మములోని ఇల్లాలు కొళాయినీటిని గుఱించి అడిగినంతగా నాయకుని త్యాగమును గుఱించి అడుగదు. అది మాకు కొన్నాళ్లు కష్టముగా తోచినది. ఇప్పుడు తోచదు. మమ్ము కలవరపెట్టునది మఱియొకటి. కొళాయి ఉన్న యిల్లాలు కొళాయి లేని దూరపు యిల్లాలిని తలచునా? స్పార్కుబ్రూకు వోటరు చెడ్డవాడు కాడు, తన పిల్లలకు కప్పు కావలెనని కోరెను. వంగదేశపు తల్లి ఆయన వోటర్ల పట్టికలో లేదు.

చర్చిలు 1951లో మరల ప్రధాని యయ్యెను. అది పాత ఋణము తీర్చుట యనుకొనువారు లెక్కలు చూడవలయును. ఆ యెన్నికలో ఎక్కువ వోట్లు వచ్చినది ఓడిన అట్లీ పక్షమునకే. స్థానములు మాత్రము చర్చిలు పక్షమునకు 321, అట్లీ పక్షమునకు 295. యుద్ధము ముగిసి ఆఱేండ్లయినను మాంసమునకు రేషను కార్డు తప్పలేదని ఇల్లాండ్రు విసిగియుండిరి.

కార్యదర్శిగారు గడియారమువైపు చూచుచున్నారు. సభ్యులు ప్రశ్నలడుగగోరినచో మేము సిద్ధముగా నున్నాము.