బిడ్డ అడిగితే కసురుకోవద్దు
(వాడలో జరిగిన తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



సైన్సంటే ల్యాబు, గాజుగొట్టాలు, ఇంగ్లీషు పుస్తకం అని మనల్ని నమ్మించారు. అవేవీ మన ఇంట్లో లేవు గనక మన బిడ్డకు సైన్సు రాదని మనమే అనేసుకుంటున్నాం. ఇది శుద్ధ అబద్ధం.

డప్పునే తీసుకోండి. వాయించే ముందు మంట దగ్గర కాగబెడతాం. ఎందుకని ఐదేళ్ల పిల్ల అడుగుతుంది. "నీకెందుకే, పో" అంటాం. ఆ పిల్ల చదువుకు అడ్డం పడేది అక్కడే. కాగకముందు ఓ దెబ్బ, కాగినాక ఓ దెబ్బ కొట్టనివ్వండి. తేడా పిల్లే చెబుతుంది. వేడికి తోలులో తేమ ఆరిపోయి తోలు బిగుసుకుంటుంది. బిగిసిన తోలు ఇంకా వేగంగా అదురుతుంది, అందుకే డప్పు ఖంగుమంటుంది. దాని మీద నాలుగు బియ్యపు గింజలు వేసి కొట్టమనండి, గంతులేస్తాయి. శబ్దమంటే అదురేనని పిల్ల కళ్లారా చూస్తుంది.

మన తాతలు తోలును సున్నపు నీళ్లలో నానేసి వెంట్రుకలు ఊడదీశారు. లందలో తంగేడు చెక్కతో ఊరేసి కుళ్లకుండా చేశారు. ఆ చెక్కలో పనిచేసేది టానిన్. ఇది రసాయనశాస్త్రం కాదా? చేసినోణ్ణి అంటరానివాణ్ణి చేసి, చెప్పులు మాత్రం తొడుక్కున్నారు! తాతల పని పిల్లలు చెయ్యాలని మేం అనడం లేదు, ఆ లంద కంపు మళ్లీ వద్దే వద్దు. ఆ తెలివి మనదని మాత్రం బిడ్డకు తెలియాలి.

"మాకు చదువు రాదు సారూ, ఏం చెప్పగలం?" అంటారు మీరు. జవాబు చెప్పక్కర్లేదమ్మా. "నువ్వేమనుకుంటున్నావు బిడ్డా? చేసి చూద్దామా?" అంటే చాలు. కూలికి పోయి ఒళ్లు హూనమై వస్తారు, మాకు తెలుసు. పొయ్యి దగ్గరే కానివ్వండి. అన్నం గిన్నె మూతకు నీటిచుక్కలు ఎక్కణ్ణించి వచ్చాయో అడగనివ్వండి. మంట దగ్గర మాత్రం పక్కనే ఉండండి. ఆడపిల్లకు బిందె, మగపిల్లాడికి ప్రశ్న అని పంచకండి. దయ్యం, దిష్టి అని నోరు మూయించకండి. శాస్త్రీయ దృష్టిని, ప్రశ్నించే తత్వాన్ని పెంచుకోవడం పౌరుల విధి అని రాజ్యాంగం 51ఎ అధికరణలో ఉంది. 1976లో 42వ సవరణతో చేర్చారు.

వచ్చే ఆదివారం పొద్దున ఎనిమిదింటికి అంబేద్కర్ విగ్రహం దగ్గర ఓ కర్ర పాతుతున్నాం. గంటగంటకూ నీడ కొసన పిల్లలు ఓ రాయి పెడతారు. నీడ ఎప్పుడు బాగా పొట్టిదవుతుందో వాళ్లే తేలుస్తారు. పిల్లల్ని పంపండి, పని లేనివాళ్లు మీరూ రండి.