శామ్ ఏమడిగిండు?

(ఖానాపూర్‌లో వాడ పిల్లల చదువు కూటంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల మేము ఒక అమెరికా నవల గురించి మాట్లాడుతం. మన వాడల ఇన్ని గోసలుండంగ ఆ ముచ్చటెందుకని అడిగేటోళ్లుంటరు. అడగాల్సిందే. కాని ఆ నవలల గూడ ఊరవతల వాడ ఉంది. కోర్టుల నల్లోళ్లు కూసునే జాగ వేరే ఉంది.

హార్పర్ లీ అనే తెల్ల రచయిత్రి నవల ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ 1960లో అచ్చయింది. మరుసటేడు పులిట్జర్ బహుమతి వచ్చింది. 1930ల నాటి అలబామా రాష్ట్రంల మేకోంబ్ అనే చిన్న పట్నం కథ అది. టామ్ రాబిన్సన్ అనే నల్ల కూలి మీద, తెల్ల పిల్లను చెరిచిండని అబద్ధపు కేసు పెడ్తరు. ఆటికస్ ఫించ్ అనే తెల్ల వకీలు అతని దిక్కు వాదిస్తడు. అబద్ధమని కండ్లముందు తేలినా తెల్ల జ్యూరీ దోషి అంటది. జైలు నుంచి తప్పించుకోబోతే 17 తూటాలు దింపుతరు.

ఈ కథ చెప్పేది వకీలు బిడ్డ స్కౌట్. మొదట్ల ఆమెకు ఆరేండ్లు గూడ నిండలే. ఆమె అడగని ప్రశ్న లేదు. టామ్‌ను చంపుదామని జైలు కాడికి గుంపొస్తే, అందుల తన తరగతి పిలగాని తండ్రిని గుర్తుపట్టి మంచిచెడ్డ అడుగుతది. గుంపు సిగ్గుపడి వాపసు పోతది. ఆ పిల్లంటే మాకు ప్రేమే, దాచేదేం లేదు.

అయితే ఆమెకంత ధైర్యం ఎక్కడిది? అడిగితే చెప్పే తండ్రి ఉన్నడు. అడిగినందుకు ఆ తండ్రి కూలి పోదు.

ఆమెకు రాత నేర్పింది వాళ్ల వంటింట్ల పనిచేసే నల్లామె కల్పూర్నియా. ఆమెతోని చర్చికి పోయిననాడు స్కౌట్‌కు తెలుస్తది, అక్కడ చదువొచ్చినోళ్లు నలుగురి కాడికే ఉన్నరని. కల్పూర్నియా కొడుకు జీబో ఒక్కో చరణం చదివితే మిగతావాళ్లు అందుకొని పాడుతరు. అతని చిన్నతనంల నల్ల పిల్లలకు బడే లేదు, తల్లే కూసోబెట్టి నేర్పింది. చదువొచ్చిన ఆ జీబో చేసే పనేందో తెలుసా? ఊరి చెత్తబండి నడుపుడు.

ఇగ శామ్ దగ్గరికొద్దం. టామ్ కొడుకు. టామ్ చచ్చిపోయిన కబురు చెప్పనీకి ఆటికస్ ఆ ఇంటికి పోతడు. వాకిట్ల పిలగాండ్లు గోటీలాడుతుంటరు. మీ అమ్మేదని అడుగుతడు. ఫలానా ఆమె ఇంట్ల ఉంది, ఉరికి పిలుచుకరావాల్నా అంటడు శామ్. అంత పెద్ద నవలల టామ్ పిల్లల నోట మనకు వినబడ్డ ప్రశ్న గదొక్కటే. అదీ పని చెప్పుమనే ప్రశ్న. మా నాయిన ఎప్పుడొస్తడు అని అడగనేలేదు. తల్లి వచ్చింది, ఎరుకైంది, మట్టిల కూలబడ్డది. దీన్ని గూడ ఒక తెల్ల పిలగాడు చూసొచ్చి స్కౌట్‌కు చెప్తే మనకు తెలుస్తది. రచయిత్రి చెడ్డదంటలేం. ఆమె నిలవడ్డ అరుగు మీదికెల్లి అంతే కనవడ్డది.

మన దిక్కు చూడుండ్రి. 1922ల వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని తెల్లదొరల సర్కారు నిషేధించింది. గొప్ప పుస్తకమే. కాని అది గూడ అరుగు మీదికెల్లి చూసిందే.

శామ్ మనకు ఎరుకైన పిలగాడే. భీమ్ అనే పిలగాడు బడికి తన గోనెపట్ట తనే మోసుకపోయిండు. నౌకరు నల్లా తిప్పితేనే నీళ్లు, నౌకరు లేనినాడు దూపే. ఆ పిలగాడు పెద్దయి తన ముచ్చట తనే రాసిండు. ‘ఎందుకు సారు’ అన్నందుకు ఎనుక బెంచీకి పోయినోళ్లం ఇక్కడెంతమందిమి లేము!

2000ల జి. కల్యాణరావు ‘అంటరాని వసంతం’ వచ్చింది. అందుల ఎల్లన్న చిన్ననాడే వీధి భాగవతం కోసం తండ్లాడిన మన పిలగాడు. ఆ ముచ్చటంతా రూతు యాది చేసుకుంటది. ఆమె మన మనిషి, అరుగు మీది మనిషి కాదు.

మొన్న ఈ కథ చెప్తుంటే ఒక చిన్నపిల్ల అడిగింది, శామ్ వాపసొచ్చినంక ఏమడిగిండని. పుస్తకంల లేదమ్మా అన్నం. ఎందుకు లేదన్నది.

వచ్చే కూటంల ఎల్లన్న కథ చదువుదం. పుస్తకం ఒక్కటే ఉంది, తలా రెండు రోజులు పెట్టుకొని పక్కింటికియ్యండి.